బుల్లెట్టు బండితో సహవాసము

యంత్రము ప్రాణము లేని వస్తువు. అయినను దానితో పలుకాలము మెలగినవానికి అది వట్టి ఇనుపముక్కగా తోచదు. ధర్మవరపు నేతగాడు మగ్గము చప్పుడు వినియే పోగు తెగినదని గ్రహించును. అట్లే మోటారు సైకిలు నడుపువాడును తన బండి శబ్దమునుబట్టి దాని క్షేమసమాచారము తెలిసికొనును. ఈ తెలివి సహవాసమువలన వచ్చునది. సుమారు ఏబది సంవత్సరములుగా నల్లమాడ ప్రాంతపు దారులలో తిరిగిన మాకు ఇట్టి సహవాసము ఇంగ్లాండులో పుట్టి మద్రాసులో పెరిగిన బుల్లెట్టు బండితో కలిగినది. దాని పాతరూపమును ఎఱుగుదుము, కొత్తరూపమును ఎఱుగుదుము. రెండింటియందును మాకు మమకారము కలదు. ఆ మమకారమునకు ఆధారమేమి, అది ముందుతరమునకు ఏ రూపమున అందవలెను అను రెండు ప్రశ్నలను నేడు శ్రోతలతో కలిసి ఆలోచింప గోరుచున్నాము.

ముందుగా ఈ నేలను గూర్చి రెండు మాటలు. నల్లమాడకు తూర్పున కదిరి, పడమట బుక్కపట్టణము, ఉత్తరమున ముదిగుబ్బ. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022వ సంవత్సరమున ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షము, అదియు నమ్మరానిది. ఎఱ్ఱనేల, గుండ్లు పేర్చినట్లున్న కొండలు, వానకెదురు చూచు వేరుసెనగ చేలు, ఎండిన వంకలు, కంపచెట్లు. ఊరికిని ఊరికిని నడుమ దూరమెక్కువ, నీడ తక్కువ. బస్సు వచ్చు వేళ ఒకటైనచో మనకు పని పడు వేళ మఱియొకటి. ఇట్టిచోట సొంతబండి యనునది విలాసము కాదు. వైద్యునివద్దకు, విత్తనములవద్దకు, అంగడికి పోవుటకు రెండవ జత కాళ్లు.

ఇక ఆంగ్లేయ ఫక్కి మోటారు సైకిలు అనగా నేమి? నిటారుగా నిలిచిన ఒక సిలిండరో, ప్రక్కప్రక్కన నిలిచిన రెండు సిలిండర్లో గల ఇంజను, ముందు ఉబ్బి వెనుకకు సన్నగిల్లిన పెట్రోలు ట్యాంకు, గుండ్రని దీపము, ఊచల చక్రములు, వెన్ను నిలిపి కూర్చుండుటకు అనువైన సీటు. ఇంజను కప్పులేక బయటికే కన్పట్టును. బి. ఎస్. ఎ., నార్టన్, ట్రయంఫ్, ఏరియల్, వెలొసెట్, మ్యాచ్‌లెస్ మున్నగు పేర్లు ఒకప్పుడు ఈ ఫక్కిని ప్రపంచమంతట వ్యాపింపజేసినవి. వానిలో రాయల్ ఎన్‌ఫీల్డు ఒకటి. ఆ సంస్థ ఎన్‌ఫీల్డు అనుచోట గల ప్రభుత్వ ఆయుధశాలకు తుపాకీ భాగములు చేసి యిచ్చెడిది. పేరును, ఫిరంగి గుర్తును ఆ సంబంధమువలన వచ్చినవే. 1901వ సంవత్సరమున రెడ్డిచ్ పట్టణమున తన మొదటి మోటారు సైకిలును నిర్మించెను. బుల్లెట్టు అను నామము 1932లో పుట్టెను. 1948లో వెనుక చక్రము స్ప్రింగులమీద ఆడునట్లు నూతనముగా రూపొందించిన బండి వెలువడెను. మన దారులలో మనమెఱిగిన బుల్లెట్టు ఆ రూపమునకు సంతానము.

ఈ బండి మన దేశమున కాలూనుటకు సైన్యము కారణమయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప సరిహద్దులలో తిరుగుటకు గట్టి మోటారు సైకిలు కావలసివచ్చి, 1950వ దశకపు తొలియేండ్లలో భారత సైన్యము 350 సి. సి. బుల్లెట్టును ఎన్నుకొనెను. మద్రాసు మోటార్సు సంస్థ వానిని తెప్పించి యిచ్చెను. 1955లో ఆ సంస్థయు రెడ్డిచ్ సంస్థయు కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించి, మద్రాసు చేరువనున్న తిరువొత్తియూరున కర్మాగారము నెలకొల్పిరి. మొదట ఇంగ్లాండునుండి వచ్చిన భాగములను ఇచట బిగించెడివారు. క్రమముగా అచ్చులును పనిముట్లును ఇచటికే వచ్చినవి. 1962 నాటికి బండి యావత్తును ఇచటనే తయారగుచుండెను. పిదప జరిగినది చిత్రమైనది. 1967లో రెడ్డిచ్ కర్మాగారము మూతపడెను. 1970లో ఇంగ్లాండున రాయల్ ఎన్‌ఫీల్డు నిర్మాణమే నిలిచిపోయెను. కన్నతల్లి పోయినను పెంపుడింట బిడ్డ పెరిగినట్లు, తిరువొత్తియూరున బుల్లెట్టు ఆగలేదు. 1977లో ఇచటినుండి ఇంగ్లాండునకే ఎగుమతి కాసాగెను.

మా ప్రాంతమునకు ఇది మొదట పోలీసు అధికారులతోడను, సైన్యమునుండి సెలవుపై వచ్చినవారి మాటలతోడను వచ్చినది. పిమ్మట ఊరిపెద్దల వాకిళ్లలో నిలిచెను. ఆ కాలమున బుల్లెట్టు వచ్చుచున్నదని ఊరి బయటనే తెలియుచుండెను. పిల్లలు పరుగెత్తుచుండిరి, ఎద్దులు బెదరుచుండెను. అయితే దాని విలువ దర్జాలో లేదు. విత్తనపు మూట, క్రిమిసంహారపు మందు కొట్టు యంత్రము, డీసెలు డబ్బా—అన్నియు దానిమీద పోయినవే. బోరుబావులు వచ్చిన తరువాత మోటారు కాలినప్పుడెల్ల దానిని గోనెపట్టలో చుట్టి, వెనుక త్రాళ్లతో బిగించి, చుట్టు వేయించుటకు కదిరికి కొనిపోయితిమి. పైరు వాడుచుండగా ఆ మోటారు ఒక్కపూట ముందు తిరిగివచ్చుట రైతునకెంత యవసరమో ఈ సీమవారికి వేఱుగా చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి ప్రసవవేదన పడుచున్న ఇంటినుండి పిలుపు వచ్చినపుడు మంత్రసానినో నర్సమ్మనో తెచ్చుటకును ఆ బండియే పోయెడిది.

ఇంతటి బరువు మోయు శక్తి దానికెట్లు వచ్చినది? పాత బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను పైకి క్రిందికి తిరుగు నిడివి 90 మిల్లీమీటర్లు. నిడివి హెచ్చగుటచేత ఇంజను మెల్లగా తిరిగియు బలముగా లాగును. లోపల తిరుగు బరువైన చక్రములు ఆ వేగమును సడలనీయవు. అందుచేతనే ఎత్తుదారిలో తఱచు గేరు మార్చకుండ, ఇసుకవంకలో తొట్రుపడకుండ నడచును. జనులు మెచ్చు ఆ గంభీరమైన చప్పుడును దీనినుండి వచ్చినదే. ఒక్క పెద్ద సిలిండరు నిదానముగా పేలుచుండగా, ప్రతి పేలుడును చెవికి వేఱువేఱుగా వినబడును. మిగిలిన దానికి నాడు వెలిగిన శక్తి 18 అశ్వములు మాత్రమే.

ఆ బండిని నడుపుటకంటె మేల్కొలుపుట ఒక విద్య. తాళపుచెవి త్రిప్పి, దీపపు బొమిడికమీది ఆంపియరు మీటరును చూచుచు కిక్కును మెల్లగా త్రొక్కవలెను. ముల్లు నడిమికి రాగానే పాయింట్లు విడివడినవని గుర్తు. అప్పుడు డీకంప్రెషరు మీట నొక్కి, పిస్టను శిఖరము దాటునంతవఱకు కొంచెము త్రొక్కి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, పూర్తిగా ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. క్రమము తెలిసినవానికి పండ్రెండేండ్ల పిల్లవాని బలము చాలును. తెలియక బలముతో పెనగినవానికి కిక్కు ఎదురుతన్ని పిక్కను వాయించును. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండెడివి. ఇతర బండ్లకు అలవాటుపడినవాడు దీనినెక్కి, బ్రేకు అనుకొని గేరు త్రొక్కుట ఊరందరికి వినోదముగా నుండెడిది.

మేల్కొలుపుట యొకటి, పోషించుట మఱియొకటి. ఇచటి ధూళికి గాలిజల్లెడ త్వరగా మూసికొనిపోవును. గొలుసు ఇసుకతో అరగును. వారమున కొకసారి గొలుసు తుడిచి నూనె పెట్టవలెను. పాయింట్ల నడుమ ఖాళీ మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు ఉండవలెను. అంతకు తగ్గినను పెరిగినను బండి మొరాయించును. ఇంజను చల్లగా నున్నప్పుడు టాపెట్లు సరిచేయవలెను. పుష్‌రాడ్డును వ్రేళ్లతో త్రిప్పినచో తిరుగవలెను గాని మీదికి క్రిందికి ఆడరాదు. ఈ కొలతకు ఏ పనిముట్టును అక్కరలేదు, వ్రేలికొసలే కొలబద్ద. నాలుగైదు స్పానర్లు, ఒక ప్లగ్గు, ఒక క్లచ్చి తీగ, పంచరు అతుకులు గల సంచి యొకటి ఉన్నచో ఏ కంపచెట్టు క్రిందనైనను బండిని బాగుచేసికొని ఇల్లు చేరవచ్చును. మా మమకారమునకు మొదటి ఆధారమిది. దిక్కులేనిచోట యజమాని చేతికి లొంగు యంత్రము అది. దాని రోగము మనకు తెలియును. మందును మన సంచిలోనే ఉండును.

ప్రేమ యున్నదని లోపములను దాచుట తగదు. పాత బుల్లెట్టు నిలిచినచోట నూనెచుక్క పడకుండుట అరుదు. ఆంగ్లేయ ఇంజనులు పెక్కింటి పెట్టె నిలువునా రెండు చెక్కలుగా చేసి బిగించునది. ఆ కూడలి నూనె నిలుచు అడుగుభాగముమీదుగా పోవుటచే కారుట సహజము. జపాను ఇంజనులు పెక్కింటి పెట్టెను అడ్డముగా విభజించిరి. కూడలి నూనెకు పైన నిలిచెను. 1969లో హోండా నాలుగు సిలిండర్ల బండి మీటతో మేల్కొనుచు, నూనె కారక, డిస్కు బ్రేకుతో వచ్చినపుడు ఆంగ్లేయ కర్మాగారములు దానికి దీటైన బదులు చెప్పలేకపోయినవి. మన దేశమునను 1985లో హీరో హోండా సి.డి. 100 రాగా, లీటరు పెట్రోలుతో బుల్లెట్టుకంటె రెట్టింపు దూరము పోవు ఆ తేలిక బండివైపు రైతులు మొగ్గిరి. కరవుసీమలో పైసా పైసా లెక్కించువాడు అట్లు చేయుట వివేకమే. బరువు, వణకు, మెత్తని బ్రేకులు, పెట్రోలు దాహము—ఇవి పాత బుల్లెట్టు లోపములని మేమును ఒప్పుకొందుము. 2000 ప్రాంతమున సంస్థ మూసివేతవఱకు వచ్చినది. ఐషర్ యాజమాన్యమునకు చెందిన సిద్ధార్థ లాల్ దానిని నిలిపి చూతమని పూనుకొనుటచే బ్రతికినది.

అంతట కొత్తతరము వచ్చినది. 2008 పిదప పాత పోతయినుపు ఇంజను స్థానమున, గేరుపెట్టెయు ఇంజనును ఒక్క కోశమున ఇమిడిన అల్యూమినియము ఇంజను వచ్చెను. గేరు ఎడమకాలికి మారెను. 2009లో క్లాసిక్ అను పేర పాత అందమును కొత్త ఇంజనుతో కలిపి విక్రయింపగా జనులు విరగబడి కొనిరి. 2018లో రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టరు, కాంటినెంటల్ జి.టి. వచ్చినవి. 648 సి. సి. గల ఆ ఇంజను 47 అశ్వశక్తి నిచ్చును. 2020లో పొగ నిబంధనలు కఠినము కాగా కార్బొరేటరు పోయి, పెట్రోలును లెక్కగా చిమ్ము విద్యుత్పరికరము వచ్చెను. ఆ యేటనే వెలువడిన కొత్త 350 ఇంజనులో వణకు నణచు తులాదండమొకటి అమర్చిరి. 2023లో బుల్లెట్టు పేర గల బండికిని అదే ఇంజను వచ్చినది. దాని శక్తి ఇంచుమించు 20 అశ్వములు. డెబ్బది యేండ్ల మార్పులకు పెరిగినవి రెండు గుఱ్ఱములే! అయినను బ్రేకులలో పెరిగిన భద్రత, నడకలో పెరిగిన నెమ్మది లెక్కకు మించినవి. ఇటీవల మేము ఈ కొత్తబండినే నడుపుచున్నాము. ముసలి మోకాలికి మీట నొక్కిన మేల్కొను బండి దేవుడిచ్చిన వరము. ముదిగుబ్బ దారిలో గొఱ్ఱెలమంద అకస్మాత్తుగా అడ్డువచ్చినపుడు చక్రము జాఱక నిలిచిన బ్రేకులను నిందించుటకు మాకు నోరు రాదు.

ఇంకొక విశేషము గమనింపదగినది. నార్టన్ సంస్థను 2020లో చెన్నై కేంద్రముగా గల టి.వి.ఎస్. సంస్థ కొనెను. బి.ఎస్.ఎ. నామము మహీంద్రా వారి అనుబంధ సంస్థ చేతికి వచ్చి, గోల్డ్ స్టార్ బండి 2024 ఆగస్టు 15వ తేదీన మన విపణిలో వెలువడెను. ట్రయంఫ్ వారి 400 సి. సి. బండ్లు 2023నుండి బజాజ్ కర్మాగారమున తయారగుచున్నవి. ఒకప్పుడు మనవారు ఇంగ్లాండునుండి ఓడలో రావలెనని ఎదురుచూచిన పేర్లు నేడు మన కార్మికుల చేతులమీదుగా వెలువడుచున్నవి. ఆంగ్లేయ ఫక్కి అనునది ఇపుడు పేరునకు ఆంగ్లేయము, పోషణకు భారతీయము. ఎక్కడ పుట్టినది అనుదానికంటె ఎవరు నిలుపుకొనిరి అనునది యంత్రముల చరిత్రలో పెద్దమాట.

మఱి చిక్కెక్కడ? కొత్తబండి యందలి విద్య దాని యజమాని చేతికి అందదు. లోపము వచ్చినచో దీపము వెలుగును. ఆ దీపపు భాషను చదువు పరికరము పట్టణపు పనిశాలలో ఉండును. కొత్తబండిలో లోపము తఱచు రాదు గాని, వచ్చినప్పుడు కంపచెట్టు క్రింద చేయగలది తక్కువ. అటు పాతబండిని బాగుచేయు మేస్త్రీలు వృద్ధులగుచున్నారు. చెవితో టైమింగు సరిచేయు ఆ హస్తవాసి వ్రాతలో లేదు. శిష్యుల చేతులలోనే నిలువవలసినది. నేర్చువారు లేక ఆ విద్య అంతరించినచో పాతబండి నడకయు నిలిచిపోవును. అప్పుడు మిగులునది బొమ్మ.

చట్టమును కాలమును పాతబండిపై కొంత భారము మోపినవి. నమోదు 15 సంవత్సరములకు ముగియును. పిదప యోగ్యత పరీక్షింపించి అయిదేసి సంవత్సరములకు పునరుద్ధరింపవలెను. 2021లో వచ్చిన నిబంధనలనుబట్టి, ఏబదియేండ్లు దాటి అసలు రూపము చెడని బండిని ప్రాచీన వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. అయితే అట్టి బండి నిత్యము దారిలో తిరుగరాదు. ప్రదర్శనములకు, యాత్రలకు, మరమ్మతుకు మాత్రమే బయలుదేరవలెను. కావున పాతబండిని నేటికిని పొలమునకు తోలువాడు ఏ మార్గము తనకు తగినదో ముందే యోచించుకొనుట మేలు. పెట్రోలులో 20 పాళ్లవఱకు ఇథనాలు కలియుచున్న ఈ కాలమున మఱియొక జాగ్రత్తయు వలయును. ఇథనాలు తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను, వాషర్లను మెత్తబఱచును. బండిని నెలలతరబడి నిలుపదలచినచో ట్యాంకును, కార్బొరేటరును ఖాళీ చేయుడు. గొట్టములను కొత్తరకపు రబ్బరుతో మార్పించుడు. చిన్నపనులే గాని బండి ఆయుష్షును పెంచునవి.

యువకులకు ఒక విన్నపము. బుల్లెట్టుపై మక్కువ పడుట మేమెట్లు తప్పనగలము? కాని వేరుసెనగ పంట పోయిన యేట అప్పుచేసి, ఇంటి బంగారము కుదువబెట్టి బండి కొనుట తగదు. బండి వాయిదా వానకోసము ఆగదు. సైలెన్సరును మార్చి ఊరి చెవులు చిల్లులుపడునట్లు తోలుటయు పౌరుషము కాదు. ఈ బండి గాంభీర్యము దాని నెమ్మదిలో ఉన్నది, అరపులో లేదు. శిరస్త్రాణము లేనిదే ఎక్కవలదు. ఈ దారులలో చిన్నవయసున పోయినవారి ఇండ్లు మేమెఱుగుదుము. ఆ తల్లుల ముఖములు చూచిన పిదప ఈ మాట చెప్పకుండ ఉండలేము.

పాతబండికిని కొత్తబండికిని మేము తగవు పెట్టము. పాతది మాకు యంత్రము మనసు తెలిపినది. కొత్తది ముసలితనమున మమ్ము ఇంటికి క్షేమముగా చేర్చుచున్నది. అయితే మొదటిదానివద్ద నేర్చిన విద్య రెండవదానికిని పనికివచ్చుచున్నదని మా అనుభవము. గొలుసు బిగువు చూచుట, చక్రపు ఊచలను మీటి శబ్దము వినుట, నూనె మట్టము చూడక బయలుదేరకుండుట, కొత్తశబ్దము వినగానే ఆగి వెదకుట—ఇవి ఏ కాలపు బండికైనను వలయును. చూచుకొని మురియుట మాత్రమే మమకారమైనచో కొత్తబండి పాతబడగానే అది ముగియును. పోషించుట మమకారమైనచో ఏండ్లు గడచినకొలది పెరుగును.

కావున ఇంట పాత బుల్లెట్టు ఉన్నవారిని మేము కోరునది ఒక్కటి. దానిని తుక్కునకు అమ్ముటకు ముందు, ఒక ఆదివారము ఇంటి పిల్లలను, ఆడపిల్లలను మగపిల్లలను కూడ, దానిచుట్టు కూర్చుండబెట్టుడు. కదిరిలోనో అనంతపురములోనో ఉన్న ముసలి మేస్త్రీని ఒకరిని గౌరవముగా పిలిపించి, పాయింట్లు విప్పి చూపుమని అడుగుడు. ఆయన పూటకూలి ఆయనకిచ్చి, ఆయన చెప్పుమాటలను వ్రాసికొనుడు. ఒక్క పిల్లకైనను పుష్‌రాడ్డు వ్రేళ్ల నడుమ తిరుగు ఒడుపు తెలిసినచో, బండి ఉన్నను పోయినను, ఆ ఇంట ఒక విద్య నిలిచినట్లే. రేపు ఆ పిల్ల బోరు మోటారు విప్పవచ్చును. విద్యుత్తుతో నడచు బండినే విప్పవచ్చును. నీరు తక్కువైన ఈ నేలమీద మన పెద్దలు దేనినైనను పారవేయకముందు బాగుచేసి చూచిరి. ఆ అలవాటును కాపాడుకొనుట మన వంతు.